సావనీరులో లేని పేర్లు

హైదరాబాద్ శివారులో ఓ చిన్న ఎంబీ (మెన్నొనైట్ బ్రదరన్ అనే ప్రొటెస్టెంటు శాఖ) చర్చి వార్షికోత్సవానికి వెళ్తే చేతిలో సావనీరు పెట్టారు. మొదటి ఎనిమిది పేజీలూ దొరలు, దొరసానులే, అంటే విదేశీ మిషనరీలే. తొమ్మిదో పేజీలో ఓ గ్రూప్ ఫొటో, కింద 'స్థానిక బోధకులు, బైబిలు స్త్రీలు' అని ఒక్క ముక్క. పేర్లు లేవు.

మెన్నొనైట్ బ్రదరన్ కథ సంఘంలో అందరికీ నోటికి వచ్చిందే. 1889లో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు వచ్చి నల్లగొండ చేరారు. 1899లో అమెరికా నుంచి హీబర్ట్ దంపతులు వచ్చాక మలక్‌పేటలో పని మొదలైంది. డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, 1945లో కన్నుమూసేదాకా ఇక్కడే వైద్యం చేశారు. ఆ సేవను తక్కువ చేయడం లేదు. కానీ మాల, మాదిగ వాడల్లో సంఘాన్ని నిలబెట్టింది పగలు కూలికి పోయి, రాత్రి దీపం ముందు వాక్యం చదివి వినిపించినవాళ్లు. తెలంగాణలో గడీలో ఉన్నవాడూ దొరే, మిషన్ బంగళాలో ఉన్నవాడూ దొరే. చరిత్ర రాసేటప్పుడూ ఆ అలవాటు పోలేదు.

మిషనరీల ఉత్తరాలు, రిపోర్టులే మిగిలాయి, ఆధారాల్లేకుండా ఏం రాస్తాం అంటారు సంఘ పెద్దలు. కొంత నిజమే. మరి బాప్తిస్మ రిజిస్టరు ఆధారం కాదా?

పాస్టర్ గారు బీరువా తీసి చూపించారు. అంచులు చెదలు తినేశాయి. తేదీ, పేరు, తండ్రి పేరు, ఊరు. కొన్ని గళ్లలో పాత పేరు కొట్టేసి, పక్కన బైబిలు పేరు. మెన్నొనైట్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, ఎదిగి తామే కోరుకున్నవాళ్లకే ఇస్తారు. వీళ్ల శాఖకు మూలమైన, 1525లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో మొదలైన గొడవే అది. అంటే ఆ పుస్తకంలోని ప్రతి పేరూ ఒక మనిషి పదిమందిలో నోరు తెరిచి చెప్పిన నిర్ణయం. నిజాం కాలపు పల్లెలో వెట్టి చేసే మనిషి సొంతంగా తీసుకున్న నిర్ణయం ఇంకెక్కడ రాసి ఉంటుంది?

మరెందుకు బయటపెట్టరు? భయం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు ఎస్సీ కాడు. మన దగ్గరైతే బీసీ-సీ. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దారి ఇచ్చారు, వీళ్లకు లేదు. మతం మారితే అంటరానితనం పోయినట్టేనట! పల్లెల్లో కొన్నిచోట్ల క్రైస్తవుల శ్మశానాలు కూడా కులాల వారీగా ఉన్నాయి. అందుకే ఎన్నో ఇళ్లలో చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. తాత పేరు అచ్చయితే మనవడి ఎస్సీ సర్టిఫికెట్‌కు టెన్షన్. చరిత్రను దాచుకోక తప్పని స్థితి తెచ్చింది దొరలు కాదు, మన రాజ్యమే.

ఒక పేజీ ఫొటో తీసుకోవచ్చా అని అడిగాను. పాస్టర్ గారు కాసేపు ఆలోచించి రిజిస్టరు మూసేశారు.

"చూసింది రాసుకోండి సార్. ఫొటో మాత్రం వద్దు."