డిస్కౌంటు సరే, షాఫ్టు తాళం ఎవరి చేతిలో?

కొత్త గేటెడ్ కమ్యూనిటీలో గృహప్రవేశాలు మొదలయ్యాయో లేదో, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ సేల్స్ మనిషి అసోసియేషన్ సెక్రటరీని వెతుక్కుంటూ వస్తాడు. క్లబ్‌హౌస్‌కీ, ఆఫీసుకీ, గేటు దగ్గర సీసీ కెమెరాలకీ నెట్ ఉచితం అంటాడు. అసోసియేషన్ ఖాతాకు కొంత మొత్తం, లేదా కనెక్షన్‌కు ఇంతని కమీషన్ ఇస్తానంటాడు. ఏడాది ప్లాన్ కడితే సభ్యులకు ఒకటి రెండు నెలలు అదనం. బదులుగా అతను అడిగేవి వాట్సాప్ గ్రూపులో ప్రకటన, ఆదివారం స్టాలు, ఫ్లాట్ల వారీగా ఫోన్ నంబర్లు. చివర్లో, ఒప్పంద పత్రంలో చిన్న అక్షరాల్లో ఇంకోటి ఉంటుంది: మూడేళ్లో ఐదేళ్లో ఇంకే కంపెనీనీ లోపలికి రానివ్వకూడదు.

వీటిలో స్టాలుకీ ప్రకటనకీ అభ్యంతరం లేదు. సభ్యులందరి తరఫున ఒక్కసారే బేరమాడితే ధర తగ్గుతుంది, సంఘం ఉన్నదే అందుకు. ఫోన్ నంబర్లు మాత్రం ఇవ్వకూడదు. అవి మెయింటెనెన్స్ పనుల కోసం తీసుకున్నవి. కావాల్సినవాళ్లే స్టాలులో పేరు రాయించుకుంటారు. అసలు పేచీ చివరి షరతుతోనే. ప్రచార హక్కు అమ్మడం వేరు, షాఫ్టులో, అంటే కేబుళ్లు అన్ని అంతస్తులకూ వెళ్లే నిలువు మార్గంలో, కేబుల్ లాగే హక్కు అమ్మడం వేరు. షాఫ్టు ఉమ్మడి ఆస్తి. కమిటీ దానికి కాపలాదారే తప్ప యజమాని కాదు.

లెక్క చూద్దాం. 200 ఫ్లాట్ల సముదాయానికి కంపెనీ 2 లక్షలు ఇచ్చిందనుకుందాం. మూడేళ్ల మీద పరిస్తే ఫ్లాటుకు నెలకు 28 రూపాయలు. అందులో 120 ఫ్లాట్లే కనెక్షన్ తీసుకుంటే, ఆ డబ్బు రాబట్టుకోడానికి కంపెనీ ఒక్కో బిల్లు మీద నెలకు 46 రూపాయలు వేసుకుంటే చాలు. పక్కన పోటీ లేకపోతే అంతకంటే ఎక్కువే వేసుకుంటుంది. అంటే లిఫ్టు రిపేరుకు వచ్చిందనుకున్న డబ్బు సభ్యుల జేబులోంచే, పైగా 18 శాతం జీఎస్టీతో కలిపి తిరిగి వెళ్తుంది. బయటి కంపెనీ ఇచ్చే సొమ్ము కాబట్టి, సభ్యుల చందాలకు వర్తించే పరస్పరత సూత్రం (సభ్యులు తమ కోసం తాము పోగుచేసుకున్న డబ్బు ఆదాయం కాదన్నది) దీనికి వర్తించదు. ఆదాయపు పన్ను లెక్కలో చూపాల్సిందే. ఈ సంగతి చాలా కమిటీలకు ఆడిటర్ చెప్పేదాకా తెలియదు.

ఇంకే కంపెనీనీ రానివ్వని ఇలాంటి ఒప్పందాలను టెలికాం లైసెన్సు నిబంధనల ఉల్లంఘనగా పరిగణించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 జనవరిలోనే సిఫార్సు చేసింది. 2024 అక్టోబరులో తెచ్చిన నియంత్రణలతో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే పద్ధతి పెట్టింది. అమెరికా మరో అడుగు వేసింది. అద్దె భవనాల్లో కనెక్షన్లు పెరిగేకొద్దీ యజమాని వాటా శాతం పెరిగే ఒప్పందాలను అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2022లో నిషేధించింది. ప్రచారం ఒక్క కంపెనీకే ఇచ్చుకోవచ్చు గానీ, ఆ సంగతి అద్దెకున్నవాళ్లకు తేట మాటల్లో చెప్పాలంది. మన కమిటీలు నోటీసు బోర్డు మీద పెట్టగలిగిన నియమమే ఇది.

ధర మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా కమిటీలు సాంకేతిక షరతుల మీద పెట్టవు. ఒకే ఫైబర్‌లో వచ్చే వెలుతురు సంకేతాన్ని చీల్చి చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో, కంపెనీ పరికరంలోని ఒక పోర్టు నుంచి వచ్చే వేగం సుమారు 2.5 జీబీపీఎస్. దాన్ని 32 ఇళ్లకు పంచితే, అందరూ ఒకేసారి లాగినప్పుడు తలా 78 ఎంబీపీఎస్. 64 ఇళ్లకు పంచితే అందులో సగం. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి 32 వరకు ఇబ్బంది ఉండదు. ఖర్చు మిగుల్చుకోడానికి 64కు వెళ్లారంటే రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. వెలుతురు నష్టం కూడా ఉంది: 32కు చీల్చే స్ప్లిటర్ ఒక్కటే దాదాపు 17 డెసిబెల్స్ తినేస్తుంది, 64కు చీల్చేది 20 దాటుతుంది. దానికి తోడు షాఫ్టులో మడత పడ్డ ఫైబర్, దుమ్ము పట్టిన కనెక్టర్ కలిస్తే పై అంతస్తుల్లో రౌటర్ మీద ఎర్ర లైటు మొదలవుతుంది. అందుకే పని అప్పగించేటప్పుడు ప్రతి బ్లాకులో పై అంతస్తుకు చేరే వెలుతురు బలం రీడింగు రాయించుకోవాలి. అది మైనస్ 25 డీబీఎం (ఆ బలాన్ని కొలిచే ప్రమాణం) కంటే కిందికి పడితే సంతకం పెట్టకూడదు.

కరెంటు సంగతీ అంతే. కొందరు లోకల్ ప్రొవైడర్లు సెల్లార్‌లో బ్లాకుకో స్విచ్ పెడతారు. కరెంటు పోతే, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. ఆ స్విచ్‌కు యూపీఎస్ ఎవరిది, జనరేటర్ లైను ఇస్తారా, ఆ యూనిట్ల బిల్లు ఎవరు కడతారు అన్నది కాగితం మీద ఉండాలి. లేకపోతే అది కామన్ ఏరియా బిల్లులో కలిసిపోతుంది. షాఫ్టులో కొట్టిన రంధ్రాలను మంట పాకని సీలెంట్‌తో పూడ్చే పూచీ కూడా కంపెనీదే అని రాయించాలి.

ఒప్పందం ముగిశాక లోపలి ఫైబర్ ఎవరిది? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. కంపెనీదైతే, మానుకున్న రోజున తీగలు కోసుకుపోతుంది, లేదా కోయకుండా వదిలేసి ఇంకొకరికి చోటు లేకుండా చేస్తుంది. బిల్డర్ పైపులు వేసే దశలోనే కనీసం మూడు కంపెనీలకు సరిపడా డక్టులు (కేబుల్ గొట్టాలు) అడిగి, కింది నుంచి పై అంతస్తులకు వెళ్లే రైజర్ ఫైబర్‌ను సంఘం సొంతంగా వేయించుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఇప్పటికే కట్టేసిన భవనమైతే, 60 రోజుల నోటీసుతో బయటపడే షరతు రాయించుకోవాలి. ఏడాది అడ్వాన్సు మీద వచ్చే డిస్కౌంటుకు ఆశపడకుండా, మొదటి మూడు నెలలు నెలవారీ కట్టమని సభ్యులకు చెప్పాలి.