"అన్నా, ఏదో పేపర్ పెట్టావంట"

జర్నలిస్టుని బెదిరించారు, సమాచార హక్కు కింద ఆర్టీఐ దరఖాస్తు వేసినోడిని కొట్టారు అని వార్త రాగానే అందరం ఒకటే అడుగుతాం, ఎవరు చేశారు అని. నా ప్రశ్న వేరే. వాళ్లకి ఇతని పేరు చెప్పిందెవరు?

నాకు తెలిసిన ఒక మండల విలేకరి ఉన్నాడు. సీసీ రోడ్డు వేసిన ఆర్నెల్లకే కంకర తేలిపోతే చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్ కాపీ ఇమ్మని ఆర్టీఐ పెట్టాడు. సోమవారం ఆఫీసు ఇన్‌వర్డ్ కౌంటర్లో ఇచ్చి స్టాంపు వేయించుకున్నాడు, బుధవారం సాయంత్రానికి ఫోన్. తిట్లు లేవు, అరుపులు లేవు. "అన్నా, ఏదో పేపర్ పెట్టావంట, మనలో మనకి ఏంటన్నా ఇవన్నీ, నన్నడిగితే నేనే తెచ్చిచ్చేవాడిని కదా, సర్లే, పాపకి కాలేజీ ఎలా ఉంది, బస్సులోనే వెళ్తోందా ఇంకా?" పాప కాలేజీ గురించి ఆ మనిషికి ఇతనెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఈ ఫోన్‌ని స్టేషన్‌కి తీసుకెళ్లి ఏమని కంప్లైంట్ రాయాలి చెప్పండి, కుశల ప్రశ్నలు వేశాడనా?

సమాచారం ఇవ్వడానికి చట్టంలో 30 రోజులు గడువుంది. అడిగినవాడి సమాచారం చేరిపోవడానికి మాత్రం రెండ్రోజులు చాలు. బెదిరింపు ఎక్కడో రౌడీ దగ్గర పుడుతుందని అనుకుంటాం గానీ అది పుట్టేది ఫైలు మీద.

సత్యేంద్ర దుబే కేసు అందరికీ తెలిసిందే, అయినా ఒకసారి మళ్లీ చూడండి. నేషనల్ హైవేస్‌లో ఇంజినీరు, నాలుగు మహానగరాల్ని కలిపే స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో జరుగుతున్న అక్రమాల మీద 2002 నవంబర్‌లో ప్రధానమంత్రి ఆఫీసుకి లెటర్ రాశాడు. ఆకాశరామన్న ఉత్తరమైతే ఎవరూ పట్టించుకోరని తన వివరాలు వేరే కాగితం మీద రాసి జతచేసి, ఇది గోప్యంగా ఉంచండి మహాప్రభో అని అడిగాడు. అంతకంటే జాగ్రత్త ఎవరు పడతారు? ఆ కాగితంతో సహా లెటర్ మంత్రిత్వ శాఖకి, అక్కడ్నుంచి అతను పనిచేసే సంస్థకి ఫార్వర్డ్ అయిపోయింది, దారిపొడవునా దానిమీద ఆఫీసర్ల నోటింగ్‌లు. 2003 నవంబర్ 27 తెల్లవారుజామున గయలో రైలు దిగి ఇంటికెళ్తుంటే కాల్చేశారు. సీబీఐ అది దోపిడీ అంది, 2010లో ముగ్గురికి యావజ్జీవం కూడా పడింది. సరే, దోపిడీయే అనుకుందాం. మరి ఆ లెటర్ తిరిగిన దారి సంగతేంటి? కోర్టు విచారించింది హత్యని, లీకేజీని కాదు కదా.

ఆ గొడవ తర్వాతే 2004లో కేంద్రం ఒక తీర్మానం తెచ్చింది, ఫిర్యాదుని సీల్డ్ కవర్లో సీవీసీకి, అంటే కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కి పంపాలి, పేరు కవర్ మీద కాదు లోపల రాయాలి అని. పదేళ్లకి, అక్రమాలు బయటపెట్టేవాళ్లని కాపాడే విజిల్ బ్లోయర్స్ చట్టం వచ్చింది, 2014లో రాష్ట్రపతి సంతకం కూడా అయింది, అమలు తేదీ నోటిఫై చేస్తే చాలు, ఆ ఒక్కటే చెయ్యలేదు. ఏ పార్టీ అని అడక్కండి, చేసినవాళ్లూ ఆపినవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. ఆర్టీఐకి పూర్తి అడ్రస్ అక్కర్లేదు, పోస్ట్ బాక్స్ నంబర్ ఇచ్చినా సరిపోతుంది అని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. మండలాఫీసులో ఈ మాట చెప్పి చూడండి, ఏమంటారో.

ఇంకో విచిత్రం. 2023 డేటా ప్రొటెక్షన్ చట్టంలో ఆర్టీఐలోని 8(1)(జె) సెక్షన్‌ని మార్చేశారు, వ్యక్తిగత సమాచారం అంటే చాలు ఇవ్వక్కర్లేదు అన్నట్టుగా. అంటే బిల్లు మీద సంతకం పెట్టినాయనకి ప్రైవసీ ఉంటుంది, ఆ బిల్లు చూపించమని అడిగినోడి పేరూ ఫోన్ నంబరూ కాంట్రాక్టర్ వాట్సాప్‌లో ఉంటాయి. ప్రైవసీ అంటే ఇదేనేమో మరి.

దీనికి వెంటనే ఒక జవాబొస్తుంది, ఆర్టీఐ వేసేవాళ్లలో సగం మంది బ్లాక్‌మెయిలర్లే, మెడలో ప్రెస్ కార్డేసుకుని వసూళ్లు చేసేవాళ్లే అని. ఉన్నారు, నేను లేరనట్లేదు, నేనే చూశాను. కానీ ఒక్కటి ఆలోచించండి, బ్లాక్‌మెయిలర్‌కి ఒక రేటుంటుంది, కాంట్రాక్టర్ లెక్కల్లో అదీ ఒక ఖర్చే, సిమెంట్‌లాగా, డీజిల్‌లాగా. డబ్బుతో తేలిపోయేదానికి ఎవడైనా చేతికి రక్తం అంటించుకుంటాడా? కత్తిదాకా వచ్చేది రేటు లేనివాడి దగ్గరే. గిర్ అడవి దగ్గర అక్రమ మైనింగ్ మీద పోరాడిన అమిత్ జెఠ్వాని 2010లో గుజరాత్ హైకోర్టు ఎదురుగానే కాల్చి చంపారు. ట్రయల్‌లో 105 మంది సాక్షులు అడ్డం తిరిగారు, మళ్లీ ట్రయల్ చేసి 2019లో శిక్షలేశారు, 2024లో హైకోర్టు వాళ్లని వదిలేసింది.

ఇక్కడ నా అసలు కోపం వేరే చోట ఉంది, మన సొంత ఇంట్లో, అంటే పత్రికల్లోనే. ఆ కార్డేసుకున్న విలేకరికి జీతమెంతో ఎవరైనా అడిగారా? చాలా చోట్ల లైన్ అకౌంట్, అచ్చయినదాన్ని కొలిచి ఇచ్చే నాలుగు రూపాయలు, కొన్నిచోట్ల అదీ లేదు, పైగా దసరాకి ఇంత, సంక్రాంతికి ఇంత అని యాడ్స్ టార్గెట్. ఆ యాడ్ ఇచ్చేదెవరు, అదే కాంట్రాక్టర్, అదే లీడర్. పొద్దున వాళ్లింటికెళ్లి యాడ్ అడగాలి, సాయంత్రం వాళ్ల రోడ్డు మీద వార్త రాయాలి. రాసినవాడికి ఏమైనా అయితే? "మా ఉద్యోగి కాదు, కంట్రిబ్యూటర్ మాత్రమే." ఆఫీసులో పేరు దాచాల్సినోళ్లు దాచరు, డెస్కులో మావాడే అని చెప్పాల్సినోళ్లు చెప్పరు, మధ్యలో మనిషి ఒంటరివాడైపోతాడు, ఆ ఒంటరితనమే అవతలోడికి ధైర్యం.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జర్నలిస్టు ముకేశ్ చంద్రాకర్‌నే తీసుకోండి. టీవీకి వార్తలిస్తూ సొంతంగా ఒక యూట్యూబ్ ఛానల్ నడుపుకునేవాడు. 2021లో మావోయిస్టులు పట్టుకెళ్లిన సీఆర్‌పీఎఫ్ జవాన్‌ని తీసుకురావడానికి అడవిలోకి వెళ్లిన వాళ్లలో అతనూ ఉన్నాడు. అక్కడికి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చాడు. 2024 డిసెంబర్‌లో రోడ్డు పనుల నాసిరకం మీద వార్త వచ్చింది, ప్రభుత్వం ఎంక్వైరీ వేసింది, 2025 జనవరి 1 రాత్రి కనపడకుండా పోయాడు, 3న ఒక కాంట్రాక్టర్ స్థలంలో కొత్తగా సిమెంట్ చేసిన సెప్టిక్ ట్యాంక్‌లో దొరికాడు. ప్రధాన నిందితుడిగా చెప్తున్న ఆ కాంట్రాక్టర్‌ని పట్టుకుంది మన హైదరాబాద్‌లోనే. తుపాకుల మధ్యకెళ్లొచ్చినోడు రోడ్డు గుంతల వార్త దగ్గర పోయాడు.

మా మండల విలేకరి ఎం-బుక్ కాపీ ఇంకా రాలేదు. 30 రోజులూ దాటాక ఫస్ట్ అప్పీల్ వేశాడు. అది వెళ్లింది అదే బిల్డింగ్‌లో పై అంతస్తుకి, ఇన్‌వర్డ్ కౌంటర్ మాత్రం అదే, స్టాంపు వేసిన మనిషీ అతనే. పాపని ఇప్పుడు బస్సులో పంపట్లేదు, తనే బండి మీద దింపొస్తున్నాడు.