పెద్దవాళ్ల గొంతెమ్మ కోరికలు

మన గోదావరి డెల్టాలో అరవై దాటినవాళ్లకి మీడియా ఏం తక్కువ చేసింది? తెల్లారితే రాశిఫలాలు, ఆ తర్వాత ప్రవచనం, మధ్యాహ్నం మోకాళ్ల నొప్పుల నూనె, రాత్రికి కోడల్ని ఏడిపించే అత్తగారు. అయినా తృప్తి లేదు. వార్తలు కావాలట!

వరద రోజులే చూడండి. ఛానెల్ వాళ్లు పాపం 'గోదావరి ఉగ్రరూపం' అని ఎర్రక్షరాలేసి, వెనకాల ఢమఢమ మ్యూజిక్ పెట్టి, రిపోర్టర్ని నడుంలోతు నీళ్లలో నిలబెడతారు. అది చూసి బుద్ధిగా భయపడకుండా, ఏటి మధ్య లంకలో ఉన్న తాతగారు "ఒరేయ్, భద్రాచలంలో ఎన్ని అడుగులుందో చెప్పమనరా" అంటారు. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరయితే ఆ మూడూ 10, 13, 17 లక్షల క్యూసెక్కులకి. ఇదంతా ఆయనకి కంఠతా వచ్చు. 1986 వరదా చూశారు, 2022 జులై వరదా చూశారు. ఇవాళ్టి అంకె ఒక్కటి తెలిస్తే చాలు, గేదెల్ని ఎప్పుడు గట్టెక్కించాలో ఆయనే లెక్కేసుకుంటారు.

అంకె చెప్పట్లేదని ఎవరన్నారు? కింద స్క్రోలింగ్‌లో పరిగెడుతూనే ఉంటుంది. కళ్లజోడు తుడిచి పెట్టుకునేలోగా హీరోగారి పుట్టినరోజు వచ్చేస్తే అది ఛానెల్ తప్పా?

పేపరుతో ఇంకో పేచీ. వీళ్లు ముందు తిరగేసేది చనిపోయినవాళ్ల ఫోటోల పేజీ. సఖినేటిపల్లి మామ్మగారికి చుట్టాలంతా నరసాపురంలో ఉంటారు. మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ, రేవు దాటించే పంటు ఎక్కితే అవతలి ఒడ్డు. కానీ అవతలిది వేరే జిల్లా, జిల్లా ఎడిషన్ పంటు ఎక్కదు. అవతల పోయిన పెద్దమ్మ సంగతి ఈవిడకి దినం భోజనాలయ్యాక తెలుస్తుంది. అంబాజీపేట కొబ్బరి రేటు మాత్రం రోజూ వేస్తున్నారు, చీమ తలకాయంత అక్షరాల్లో.

డిబేట్లలో నలుగురూ ఒకేసారి అరిస్తే వినపడట్లేదని కూడా కొందరి ఫిర్యాదు. చెవులు బాగున్నవాళ్లకి మాత్రం ఏం అర్థమవుతోందని! ఈ విషయంలో మన ఛానెళ్లు పాటిస్తున్న సమానత్వం ఇంకెక్కడా కనపడదు.

అయితే, న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. పెద్దవాళ్లకి అంకె ఎలా చెప్పాలో టీవీకి బాగా తెలుసు. నూనె ప్రకటనలో ఫోన్ నంబరు చూడండి. తెర నిండా ఉంటుంది, కదలదు, మెదలదు. తీయటి గొంతుతో ఒక్కో అంకే విడమరిచి మూడేసి సార్లు చదువుతారు. కాబట్టి ప్రభుత్వానికి నాదొక విన్నపం. వచ్చే వరదలకి ధవళేశ్వరం క్యూసెక్కులు చెప్పే బాధ్యత వార్తల వాళ్ల నుంచి తీసేసి, ఆ నూనె కంపెనీకి అప్పగించండి. లంకల్లో వాళ్లు గేదెల్ని తోలుకుని గట్టెక్కాక, కావాలంటే సీసా కూడా కొనుక్కుంటారు.