వైఫై రాకపోతే ముందు లాగ్ చదవండి బాబూ

లినక్స్‌లో వైఫై పనిచేయడం లేదని ఎవరైనా నోరు తెరవగానే సలహాలు వచ్చి పడతాయి. ఒకరు డ్రైవర్ని, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, తీసేసి మళ్లీ వేయమంటారు. ఇంకొకరు ఏనాటిదో ఒక కమాండ్ తెచ్చి సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, కొట్టమంటారు. మూడో ఆయన ఏకంగా డిస్ట్రోనే, అంటే వాడే లినక్స్ రకాన్నే, మార్చేయమంటారు. అసలు ఎక్కడ ఆగింది అని మాత్రం ఒక్కరూ అడగరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

వైఫై పనిచేయకపోవడం అంటే ఒకే సమస్య కాదు కదా. కార్డే కనబడకపోవచ్చు. కార్డు ఉన్నా నెట్‌వర్క్‌లు కనబడకపోవచ్చు. కనెక్ట్ అయినా ఐపీ అడ్రస్ రాకపోవచ్చు. అన్నీ ఉండి కూడా సైట్లు తెరుచుకోకపోవచ్చు. ఈ చివరిదే చూడండి: 1.1.1.1 అనే నెట్ అడ్రస్‌కి పింగ్ కొడితే జవాబు వస్తోంది, సైటు పేరు ఇస్తే మాత్రం జవాబు లేదు. అంటే వైఫై శుభ్రంగా ఉంది, పాడయింది డీఎన్‌ఎస్, అంటే సైటు పేరుని అడ్రస్‌గా మార్చే ఏర్పాటు. ఏ వీపీఎన్ సాఫ్ట్‌వేరో ఆ సెట్టింగ్ ఉండే రిజాల్వ్ కాన్ఫ్ (resolv.conf) ఫైల్‌ని మార్చేసి పోయి ఉంటుంది. దానికి డ్రైవర్ మళ్లీ వేసి ఏం లాభం?

కార్డే పలకడం లేదంటే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి లాగ్ చూడాలి. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ తన బాధంతా అక్కడ రాసి పెడుతుంది. 'ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2' అని ఉంటే కార్డు లోపల నడవాల్సిన సాఫ్ట్‌వేర్ (అదే ఫర్మ్‌వేర్) ఫైల్ దొరకలేదని అర్థం. ఇక్కడా ఒక తిరకాసు ఉంది. ఇంటెల్ కార్డుల డ్రైవర్ కొత్త వెర్షన్ ఫర్మ్‌వేర్‌తో మొదలుపెట్టి ఒక్కో మెట్టు దిగుతూ వెతుకుతుంది. పైవి దొరక్క మైనస్ 2లు వరసగా పడ్డా, కింది వెర్షన్ ఒకటి దొరికితే కార్డు హాయిగా నడుస్తుంది. ఆ ఎర్రర్ లైన్ ఒక్కటే కాపీ చేసుకుని గోల పెట్టేవాళ్లు దాని కింది లైన్ కూడా చదివితే సగం గొడవ తీరిపోతుంది.

ఫర్మ్‌వేర్ నిజంగానే లేకపోతే మాత్రం, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు. దాన్ని దింపుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి అది కావాలి. డెబియన్ అనే డిస్ట్రో వాళ్లు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే ఇవ్వాలనే సిద్ధాంతంతో, చాలాకాలం ఇలాంటి ఫర్మ్‌వేర్‌ని అసలు ఇన్‌స్టాలర్‌కి దూరంగా ఉంచారు. 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అందులోనే పెడుతున్నారు. సిద్ధాంతం కొంచెం సడలినా మంచి పనే చేశారని నా అభిప్రాయం. ఓపెన్‌బీఎస్‌డీ అనే వేరే సిస్టమ్‌లో అయితే ఫర్మ్‌వేర్ దింపుకోవడానికి ఎఫ్‌డబ్ల్యూ అప్‌డేట్ (fw_update) అనే కమాండ్ ఉంది. ఎక్కడైనా సరే, ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఆ పూటకి గట్టెక్కవచ్చు.

వైఫై రేడియో బ్లాక్ అయిందో లేదో చూపే ఆర్ఎఫ్‌కిల్ (rfkill) కమాండ్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. సాఫ్ట్ బ్లాక్ అయితే కమాండ్‌తో తీసేయవచ్చు. హార్డ్ బ్లాక్ అయితే చాలావరకు ల్యాప్‌టాప్ మీది స్విచ్చో, బయోస్ సెట్టింగో చూసుకోవాలి. ఎన్ని కమాండ్లు కొట్టినా అది కదలదు.

కనెక్ట్ అయ్యి మాటిమాటికీ పడిపోతుంటే రెండు అనుమానాలు. కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్, వైఫైకి లాగిన్ చేయించే డబ్ల్యూపీఏ సప్లికెంట్‌తో నడుస్తుండగా, ఏదో ట్యుటోరియల్ చూసి అదే పని చేసే ఐడబ్ల్యూడీని (iwd) కూడా ఆన్ చేశారేమో చూడండి. ఇద్దరూ ఒకే కార్డు కోసం కొట్టుకుంటారు. లేదంటే పవర్ సేవింగ్. నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగ్‌లో దాన్ని ఆపాలంటే 2, ఆన్ చేయాలంటే 3 పెట్టాలట! ఆఫ్‌కి 2 అంకె ఎంచుకున్న మహానుభావుడికి ఒక దండం.

ఇంక కంపెనీల మీద కోపం వేరే. యూఎస్‌బీ అడాప్టర్ డబ్బా మీద అదే మోడల్ పేరు ఉంటుంది, చిన్న అక్షరాల్లో వెర్షన్ 2 అని ఉంటుంది, లోపల చిప్ మాత్రం పూర్తిగా వేరేది. డబ్బా చూసి డ్రైవర్ వెతికితే దొరకదు. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ కొడితే వచ్చే ఐడీ నంబర్‌తోనే వెతకాలి.

కాబట్టి నన్ను సాయం అడిగేవాళ్లు కార్డు ఐడీ, ఆర్ఎఫ్‌కిల్ ఏం చెప్పింది, డీమెసేజ్‌లో వైఫై లైన్లు - ఈ మూడూ పెట్టండి. ఆ మిషన్‌లో నెట్ ఉండదు కదా, ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పెట్టినా చాలు. కాస్త నిటారుగా పట్టుకుని తీయండి, అంతే.