తీగ ఉన్నంతసేపూ నిక్షేపంలా పనిచేసింది

బ్యాటరీ లేని సెన్సర్ల మీద ఒక నింద ఉంది. ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసి, బయట పెట్టగానే మూగబోతాయట. ఇందులో సెన్సర్ తప్పు గానీ, పరీక్షించినవారి తప్పు గానీ లేదనీ, తప్పంతా బయటి ప్రపంచానిదేననీ సవినయంగా మనవి చేస్తున్నాను.

వెలుతురు, వేడి, కంపనం, రేడియో తరంగాలు, ఏది దొరికితే అది ఏరుకుని ఈ జీవులు ఓ చిన్న కెపాసిటర్‌లో దాచుకుంటాయి. అది నిండగానే లేచి కాసేపు పనిచేస్తాయి, ఖాళీ కాగానే ప్రాణం వదులుతాయి. రేడియో తరంగాలే ఆధారమైతే ఒక్క సెకనులోనే ఎన్నో జననమరణాలు. పని ఎక్కడ ఆగిందో ఎఫ్‌ర్యామ్ అనే మెమరీలో రాసుకుంటాయి, కరెంటు పోయినా అది చెరగదు. రాస్తూ రాస్తూ పోయినవి మాత్రం మళ్లీ పుట్టి, లెక్కపెట్టినదాన్నే ఇంకోసారి లెక్కపెడతాయి. పోయి ఎంతసేపైందో వాటికే తెలియదు. 2012లో కొందరు పరిశోధకులు, కరెంటు పోయాక మెల్లగా చెరిగిపోయే ఎస్‌ర్యామ్ అనే మెమరీలో బిట్లు ఎంతమేరకు చెరిగాయో చూసి ఆ వ్యవధిని అంచనా కట్టారు, శవం చల్లబడిన తీరు చూసి పోస్ట్‌మార్టం డాక్టరు టైము చెప్పినట్టు.

ఇలాంటిదాన్ని పరీక్షించాలంటే ప్రోగ్రాములోని తప్పులు, అంటే బగ్గులు, వెతికే డీబగ్గర్ అనే పరికరాన్ని తీగతో తగిలించాలి. ఆ తీగ వెంటే కరెంటూ వస్తుంది. కడుపు నిండిన సెన్సర్ చావడం మానేస్తుంది. చావు లేకపోతే చావు వల్ల వచ్చే బగ్గూ లేదు. రిపోర్టులో 'పాస్' అని రాయడానికి ఇంతకన్నా ఏం కావాలి? తీగ పీకేసి, బతికుందో లేదో తెలియడానికి ఎల్‌ఈడీ పెడదామంటారు కొందరు. ఆ ఎల్‌ఈడీ వెలగడానికే దాని కూడంతా సరిపోతుంది పాపం.

గిట్టనివాళ్లు ఊరుకోలేదు. 2014లో 'ఎకో' అనే పరికరం తెచ్చారు. అసలు చోట శక్తి ఎలా పెరిగి తగ్గిందో రికార్డు చేసి, ప్రతి పరీక్షలోనూ అదే గడ్డుకాలాన్ని మళ్లీ రప్పిస్తుంది. 2016లో 'ఈడీబీ' అనే డీబగ్గర్ వచ్చింది. అది శక్తి ఇవ్వకుండా, లాక్కోకుండా పక్కన నిలబడి చూస్తుంది. ఇలా చేస్తే బగ్గులు బయటపడవూ? అప్పుడు డెమో తేదీ ఏం కావాలి?

వెలుతురు సంగతి కూడా చెప్పాలి. నడినెత్తి ఎండ చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 మిల్లీవాట్లు. గది లైటు కింద పోగయ్యేది మైక్రోవాట్లలో ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు టేబుల్ ల్యాంపును సెన్సర్ నెత్తిన వంచి 'గది వెలుతురులో పరీక్షించాం' అని రాస్తారు. ల్యాంపు గదిలోనే ఉంది కదా, అబద్ధమెక్కడ?

కాబట్టి కొనేవాళ్లకు ఆ ల్యాంపును కూడా ఉచితంగా ఇవ్వాలని నా ప్రతిపాదన. అందులో బ్యాటరీలు మాత్రం ఎవరివి వారే మార్చుకోవాలి.