కట్ అన్నాక మొదలైన సినిమా

ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్న నాకు సరిసంఖ్యకూ బేసిసంఖ్యకూ ఉన్న తేడాను ఇంకెవరో నేర్పనక్కరలేదని, మొన్నటి వేసవి సెలవుల్లో మా బడిలో జరిగిన రెండు రోజుల లఘుచిత్ర శిక్షణ దాకా గట్టిగా నమ్మాను.

ఒంగోలు నుంచి కావలికి వెళ్ళే దారిలో ఉంటుంది మా ఊరు. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన కుర్రవాడు ఆరుగురు ఉపాధ్యాయులనూ పద్నాలుగు మంది పిల్లలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి, సినిమా అంటే సెకనుకు 24 కదలని బొమ్మలని మొదలుపెట్టాడు. మూడు నిమిషాల చిత్రానికి 4,320 బొమ్మలు కావాలని నేను నోటిలెక్క వేసి ప్రకటించాను. ఆ ఒక్క అర్హతతో నన్ను కెమెరా పనికి ఎన్నుకున్నారు.

కథ పిల్లలదే. మాస్టారి బల్ల మీది మామిడిపండ్లలో ఒకదాన్ని ఒక కుర్రవాడు అడగకుండా తీసుకుంటాడు; మాస్టారు నిలదీస్తారు; జ్వరంతో పడుకున్న చెల్లెలి కోసం తీశాడని చివరికి తేలుతుంది. మాస్టారి పాత్రలో కేకలు ఎక్కువ కాబట్టి హెడ్మాస్టరు గారి పేరు తప్ప మరో పేరు చర్చకే రాలేదు. ఉలవపాడు నుంచి తెప్పించిన బంగినపల్లి పండ్లు, లెక్కపెట్టి పన్నెండు, బల్ల మీద పేర్చాము. ఒక షాట్‌లో పన్నెండు కనబడి తరువాతి షాట్‌లో పదకొండే కనబడితే చూసేవాడు కథను వదిలేసి పండ్లను లెక్కపెడతాడనీ, ఈ జాగ్రత్తనే కంటిన్యుటీ అంటారనీ శిక్షకుడు చెప్పగా, ఆ మాటను నల్లబల్ల మీద రాసి, కింద రెండు గీతలు గీసినవాణ్ణి నేనే.

రెండో రోజు వేపచెట్టు కింద చిత్రీకరణ మొదలైంది. మాటలను తొమ్మిదో తరగతి అమ్మాయి వేరే ఫోనులో పట్టింది. రెండు పరీక్ష అట్టలను టప్పున కొడితే, అవి కలిసిన బొమ్మనూ ఆ చప్పుడునూ ఒకచోటికి తెచ్చి, తరువాత మాటనూ దృశ్యాన్నీ జతచేస్తారట. నా ఫోనును స్టాండుకు బిగించి బల్ల వైపు తిప్పాను. మే నెల ఎండకు తెర మీద నా మీసం తప్ప మరేమీ కనబడలేదు. చత్వారపు కళ్ళద్దాలు నెత్తిన ఉన్నాయి. పనిచేస్తుందో లేదో చూద్దామని ఎర్ర బటన్‌ను ఒకసారి నొక్కాను, అంతలో హెడ్మాస్టరు గారు పిలిస్తే వెళ్ళి, దాని సంగతి మరిచిపోయి తిరిగి వచ్చాను.

అటు తరువాత ‘యాక్షన్’ అన్నప్పుడల్లా ఒకసారి, ‘కట్’ అన్నప్పుడల్లా ఒకసారి, 19 షాట్లకు 38 సార్లు, ఒక్కటీ తప్పకుండా నొక్కాను. మొదటి ఆ ఒక్క నొక్కును మాత్రం కలుపుకోలేదు.

మధ్యాహ్నానికి బల్ల మీద ఏడు పండ్లే మిగిలాయి. హెడ్మాస్టరు గారు పదో తరగతి పిల్లలను వరుసగా నిలబెట్టి, కంటిన్యుటీ చెడగొట్టినవాడు తానుగా ముందుకు రావాలన్నారు. ఎవరూ రాలేదు. పక్కనే నిలబడి నేను కూడా గంభీరంగా తల ఊపాను.

సాయంత్రం తల్లిదండ్రులు వచ్చేలోగా కూర్పు పూర్తి చేయాలని పిల్లలు కూర్చున్నారు. ఐదు నిమిషాలకే ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చి, “ఏంది సార్ ఇది? యాక్షన్ అన్నాక ఏమీ లేదు, కట్ అన్నాకే అంతా ఉండాది,” అంది. శిక్షకుడు తల పట్టుకున్నాడు. రాత్రికి ఒంగోలులో అతని రైలు; మళ్ళీ తీద్దామంటే పండ్లు చాలవు. మాటలు మాత్రం ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి కాబట్టి, దొరికిన దృశ్యాల మీదనే వాటిని పరిచేస్తామని పిల్లలు అన్నారు. వాళ్ళ ముఖాల్లో ఆ వెలుగేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తరగతి గదిలోని డిజిటల్ ప్యానెల్ మీద ప్రదర్శన జరిగింది. “అడగకుండా తీసుకుంటే దాన్ని ఏమంటార్రా?” అని హెడ్మాస్టరు గారి గొంతు ఉరుముతుండగా, తెర మీద ఆయనే ఒక పండును వాసన చూసి, తొక్కతో సహా కొరికారు. “నిజం చెప్పు!” అన్నచోట వ్యాయామ ఉపాధ్యాయుడి ట్రాక్‌ప్యాంటు జేబు గుండ్రంగా ఉబ్బింది. “ఎవరూ చూడలేదనుకున్నావా?” అన్నప్పుడు శిక్షకుడు చెట్టు చాటున చేతులు తుడుచుకుంటున్నాడు. అక్కడికి మూడు లెక్క తేలాయి. మిగతా రెండూ తీసినవాడు కెమెరాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నెత్తి మీద కళ్ళద్దాలు లేకపోయి ఉంటే ఎవరో పోల్చుకోవడం కష్టమే. అతను రెండో పండును సంచిలో వేసుకుంటున్న దృశ్యం మీద, “మా చెల్లికి జ్వరం సార్, అందుకే తీశాను,” అనే మాటను పిల్లలు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చారు.

మర్నాడు పొద్దున టీ అంగడి దగ్గర ఒక పిల్లవాడి తండ్రి, గ్లాసు పక్కన పెట్టి మరీ, ఎంతో ఆదుర్దాగా అడిగాడు:

“మీ చెల్లెలికి ఇప్పుడు ఎట్టుంది మాస్టారూ?”