మూడు రోజుల దాకా పాలు పడవా?

ఇంట్లో కాన్పు అయిందంటే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చి పడుతుంది: "మూడు రోజుల దాకా తల్లికి పాలు పడవు. ముర్రుపాలు అరగవు, పిండి పారేయండి. అప్పటిదాకా తేనె నాకించండి, డబ్బాపాలు పట్టండి. రొమ్ము వదిలాక ఏడిస్తే పాలు చాలట్లేదని అర్థం." పంపేవాళ్లది మంచి ఉద్దేశమే. మాటలే తప్పు.

పాలు పడవన్నది మొదట చూద్దాం. కడుపుతో ఉండగానే రొమ్ముల్లో ముర్రుపాలు తయారవుతాయి. మాయ పడ్డాక రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు పొంగుతాయి. సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈలోపు వచ్చేది చిన్న చెంచాడే, మొదటి రోజు బిడ్డకు ఒక్కోసారికి కావలసిందీ అంతే.

ముర్రుపాలు అరగవన్నది శుద్ధ అబద్ధం. రోగాలను అడ్డుకునే యాంటీబాడీలు వాటిలోనే దండిగా ఉంటాయి. బిడ్డ తొలి నల్ల విరేచనం సాఫీగా పోవడానికీ అవే సాయపడతాయి. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలంటారు డాక్టర్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆసుపత్రి కాన్పులు 88 శాతం దాటినా, గంటలోపు పాలు తాగింది 41.8 శాతం పిల్లలే. చుట్టూ నర్సులుండగా ఇదేం లెక్కో!

తేనె అసలు వద్దు. ఏడాది నిండని పిల్లలకు దానివల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇక డబ్బాపాలు. మెసేజ్ తనను తాను నిజం చేసుకునేది ఇక్కడే. బిడ్డ ఎంత చీకితే అంత పాలు తయారవుతాయి. డబ్బాపాలతో పొట్ట నిండిన బిడ్డ రొమ్ము పట్టదు, దాంతో పాలు నిజంగానే తగ్గుతాయి. "చూశావా, నేను చెప్పలా?" అంటారు అప్పుడు. డాక్టరు అవసరమని చెబితే పట్టడంలో తప్పు లేదు. టెన్షన్‌తో మనంతట మనం మొదలుపెట్టడమే చేటు.

ఏడుపు సంగతి. పసిపిల్లలు రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతారు, రెండో రాత్రి అయితే వదలనే వదలరు. ముందు పట్టు సరిచూడండి. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి. చనుమొనతో పై పెదవిని తాకిస్తే నోరు పెద్దగా తెరుస్తుంది, అప్పుడు దగ్గరికి తీసుకోవాలి. మొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. మొన ఒక్కటే పడితే పాలు సరిగా రావు, పైగా పుళ్లు పడతాయి.

పాలు చాలుతున్నాయా లేదా అన్నది ఏడుపుతో తేలదు, తడి గుడ్డలతో తేలుతుంది. అయిదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లైనా మూత్రం పోయాలి. అంతకన్నా తగ్గినా, బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉన్నా, ఒళ్లు పచ్చబడినా ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి.